ఆష్‌కాష్‌లో దిగడం, తిరిగి లేవడం: మన పైలట్ పిల్లకాయలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి అమెరికాకి పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లినవాళ్లు జూన్ సగం దాటగానే నాకు ఫోన్లు చేయడం మొదలుపెడతారు. "సార్, ఈసారి ఆష్‌కాష్‌కి పోదామనుకుంటున్నాం, ఎట్లా దిగాలి?" అని. ఆష్‌కాష్ అంటే అమెరికాలో ఏటా జూలైలో పెద్ద విమానాల పండగ జరిగే ఊరు, ఆ పండగనే ఫ్లై-ఇన్ అంటారు. నేను అక్కడ రెండుసార్లు దిగాను. ఒకసారి దిగలేక పక్క ఊరికి పోయాను. ఇప్పుడు నెల్లూరులో ఇంటి దగ్గర పిల్లలకు గ్రౌండ్ సబ్జెక్టులు చెబుతుంటాను. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదువుకుంటారని తెలుగులో రాస్తున్నాను.

ఫ్లై-ఇన్ అంటే ఎయిర్ షోనే కదా?

ఎయిర్ షోకి టికెట్ కొనుక్కుని పోయి చూసి వస్తాం. ఫ్లై-ఇన్‌కి ఎవరి విమానం వాళ్లు నడుపుకుంటూ పోయి, గడ్డిలో నిలిపి, రెక్క కింద టెంటు వేసుకుని పడుకుంటారు. ఆష్‌కాష్‌లో రెండూ ఉంటాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో విట్‌మన్ రీజనల్ ఎయిర్‌పోర్ట్ అనే విమానాశ్రయంలో, జూలై చివర్లో వారం పాటు జరుగుతుంది. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల కోసం పాల్ పోబెరెజ్నీ 1953లో పెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ దీన్ని నడుపుతోంది. 1970 నుంచి ఆష్‌కాష్‌లోనే జరుగుతోంది. ఆ వారంలో ఆ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులకు పదివేలకు పైగా విమానాలు వస్తాయి. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా రద్దీగా ఉండే కంట్రోల్ టవర్ అదే.

నెల్లూరోళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే రొట్టెల పండగ. ఆ రోజుల్లో బారాషహీద్ దర్గా వైపు మామూలుగా పోయే దారిలో పోనివ్వరు. పోలీసు చెయ్యి చూపించిన వైపే పోవాలి, బండి పెట్టమన్నచోటే పెట్టాలి. ఎవరికి వాళ్లు నాకు తెలిసిన సందు ఉందిలే అని దూరితే స్వర్ణాల చెరువు దాకా ట్రాఫిక్ ఆగిపోతుంది. ఆష్‌కాష్ పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడింది. కాకపోతే అక్కడ ఆగిపోయిన బండి నేల మీద ఉండదు.

మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు? కొరిశపాడు హైవే మీద దిగనిస్తారా?

దిగనివ్వరు. పాత ప్రకాశం జిల్లాలోని కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద కట్టిన రన్‌వే వాయుసేన అత్యవసరాల కోసం. 2022 డిసెంబరులో అక్కడ సుఖోయ్‌లు, తేజస్ ట్రయల్‌కి వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం పొలాల గట్ల మీద నిలబడి చూశారు. మన దేశంలో చిన్న విమానంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలన్నా ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (ఎఫ్ఐసీ) నంబరు తీసుకోవాలి. అమెరికాలో వాతావరణం బాగున్న రోజు చాలాచోట్ల ఇవేవీ లేకుండానే లేచిపోవచ్చు. ఆ స్వేచ్ఛకు అలవాటుపడినవాళ్లే ఆష్‌కాష్‌కి వచ్చినప్పుడు ఎక్కువ తడబడతారు. మనవాళ్లు నియమాల మధ్య పెరిగినవాళ్లు కాబట్టి బాగా చేస్తారని నా నమ్మకం. చేసినవాళ్లను చూశాను కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

నోటీసు దగ్గర. శ్రీహరికోట నుంచి రాకెట్ వదిలే ముందు ఫలానా రోజు, ఫలానా గంటల్లో ఈ ఆకాశంలోకి రావద్దని పైలట్లకు నోటమ్ ఇస్తారని పేపర్లో చదివే ఉంటారు. ఆష్‌కాష్‌కి కూడా అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఏటా ఒక ప్రత్యేక నోటీసు ఇస్తుంది. అది ఒక పేరా కాదు, ఫోటోలు, మ్యాపులు ఉన్న చిన్న పుస్తకం. డబ్బులేమీ కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చదవకుండా అక్కడికి పోకూడదు. చదివితే చాలదు, నోటికి రావాలి.

ఇక్కడ నేను రాసే ఎత్తులు, వేగాలు చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నవే. అయినా నోటీసు ఏటా మారుతుంది. ఒక ఏడాది దారిలో కొత్త మలుపు వస్తుంది, ఇంకో ఏడాది ఫ్రీక్వెన్సీ మారుతుంది. నా మాటకూ ఆ ఏడాది నోటీసుకూ తేడా వస్తే నోటీసు మాటే వినండి. నిరుటి ప్రింటు బ్యాగులో ఉంటే ఇప్పుడే చించి పారేయండి. గాల్లో హడావిడిగా చెయ్యి పెట్టినప్పుడు పాత కాగితమే చేతికొస్తుంది. ఐప్యాడ్‌లో ఉందిగా అనుకోవద్దు. జూలై ఎండకి కాక్‌పిట్‌లో ఐప్యాడ్ వేడెక్కి ఆరిపోవడం నేను చూశాను. మీకు కావలసిన నాలుగైదు పేజీలు కలర్ ప్రింటు తీసి మోకాలికి కట్టుకోండి.

చదివాను సార్, అయినా టెన్షన్‌గా ఉంది. ప్రాక్టీస్ ఎట్లా?

మా డాబా మీద చేయిస్తాను. ఆష్‌కాష్‌కి చిన్న విమానాలు రైలు పట్టాల మీదుగా వస్తాయి కాబట్టి, ముగ్గుపిండితో మొదట ఆ పట్టాల గీత గీస్తాం. ఆ గీత మొదట్లో ఒక ఇటుక పెడితే అది రిపన్ అనే ఊరు. పదడుగుల అవతల ఇంకో ఇటుక, అది ఫిస్క్. నీళ్ల ట్యాంకు పక్కన పొడుగ్గా రెండు రన్‌వేలు, వాటి మీద కుంకుమతో, పసుపుతో చుక్కలు. పిల్లవాడు చేతిలో నోటీసు పట్టుకుని ఆ గీత మీద నడుస్తాడు. నేను పిట్టగోడ మీద కూర్చుని కంట్రోలర్‌లా పిలుస్తాను. "తెల్ల విమానం, పైరెక్క (అంటే రెక్క క్యాబిన్ పైనున్నది), రెక్కలూపు" అనగానే నోరు తెరవకుండా భుజాలూపాలి. నోరు తెరిచాడంటే మళ్లీ మొదటి ఇటుక దగ్గరికి. "పసుపు చుక్క మీద దిగు" అంటే కుంకుమ చుక్క తొక్కకుండా పోయి పసుపు మీదే కాలు పెట్టాలి. కందుకూరు అబ్బాయి ఒకడు ఇట్లా వరసగా నాలుగు సాయంత్రాలు నడిచాడు. మొదటిరోజు ఆరుసార్లు వెనక్కి పంపాను. నాలుగో రోజు నేను కావాలని తప్పు రన్‌వే చెప్పి వెంటనే మార్చాను. వాడు తడబడకుండా తిరిగాడు. ఆ తర్వాత జూలైలో నిజంగా దిగి, "సార్, మీ డాబా లాగే ఉంది" అని మెసేజ్ పెట్టాడు.

ఇక విమానంలో చేయాల్సిన ప్రాక్టీస్ రెండే. ఒకటి, ఎత్తు ఒక్క యాభై అడుగులు కూడా మారకుండా 90 నాట్ల వేగం దగ్గర (నాట్ అంటే విమానాల వేగానికి కొలత) పది నిమిషాలు నిలకడగా పోవడం. రెండోది, రన్‌వే మీద ముందే అనుకున్న గుర్తు దగ్గర దిగడం, గుర్తుకు ముందు కాదు, బాగా దాటాక కూడా కాదు. ఈ రెండూ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని చేయండి.

ఏ రోజు, ఏ వేళకి చేరితే మంచిది?

మామూలుగా పొద్దున 7 నుంచి రాత్రి 8 దాకా ఎయిర్‌పోర్ట్ తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం ఎయిర్ షో జరిగే కొన్ని గంటలు మూసేస్తారు. షో మొదలయ్యే ముందు అందరూ ఒకేసారి తోసుకొస్తారు. ఇక పండగ మొదలయ్యే ముందు శని, ఆదివారాల రద్దీ చెప్పక్కర్లేదు. 2018లో వాతావరణం బాగోక ఆగిపోయినవాళ్లంతా ఆదివారం ఒక్కసారిగా బయలుదేరారు. రిపన్ చుట్టూ విమానాలు గుంపులు గుంపులుగా తిరిగాయి. గంటలకొద్దీ తిరిగి ఇంధనం అయిపోవస్తుంటే వెనక్కి పోయినవాళ్లు ఎందరో. ఆ అనుభవం తర్వాతే వరసను రిపన్ కంటే చాలా ముందు నుంచి కట్టే ఏర్పాటు వచ్చింది.

మొదటిసారి పోయేవాళ్లు వారం మధ్యలో, పొద్దున్నే పోండి. ముందు రోజు రాత్రి గంట, గంటన్నర దూరంలో ఏదైనా చిన్న ఊళ్లో ఆగి, నిద్రపోయి, ట్యాంకులు నింపుకుని బయలుదేరండి. పొద్దున పూట ఈశాన్యం వైపు పోతుంటే ఎండ కళ్లల్లో కొడుతుంది. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, విమానం ముందు అద్దం కూడా శుభ్రంగా తుడుచుకోండి. పురుగుల మరకల మధ్య ముందున్న విమానం మాయమైపోతుంది.

ఆ ఫిస్క్ దారి ఎలా ఉంటుందో వివరంగా చెప్పండి.

కళ్లతో చూసి నడిపే విమానాలు, అంటే వీఎఫ్ఆర్‌లో వచ్చే చిన్న విమానాలన్నీ వచ్చే దారి ఇది. నైరుతి దిక్కున రిపన్ అనే ఊరుంది. అక్కడి నుంచి ఫిస్క్ అనే చిన్న పల్లె దాకా రైలు పట్టాలున్నాయి. బిట్రగుంట నుంచి కావలి దాకా పట్టాల మీదుగా పోతున్నట్టు ఊహించుకోండి. సరిగ్గా ఆ పట్టాల నెత్తిన, ఒకరి వెనక ఒకరు, మధ్యలో అర మైలు వదిలి పోవాలి. ఎత్తు సముద్రమట్టానికి 1,800 అడుగులు, వేగం 90 నాట్లు. ఆ నేల ఎత్తే 808 అడుగులు కాబట్టి, మీరు నేలకు వెయ్యి అడుగుల పైన ఉంటారు. అంత నెమ్మదిగా పోలేని వేగమైన విమానాలకు 2,300 అడుగులు, 135 నాట్లు. మీ ట్రైనింగ్ విమానం సెస్నా 172 కానీ, 152 కానీ, పైపర్ కానీ కింది వరసలోనే.

రద్దీ ఎక్కువగా ఉంటే వరస రిపన్ దగ్గర మొదలుకాదు. ఇంకా వెనక గ్రీన్ లేక్, పకవే లేక్, ఎండెవర్ బ్రిడ్జ్ అనే గుర్తులున్నాయి. ఏ గుర్తు దగ్గర వరసలో చేరాలో ఏటిస్ అనే రికార్డు ప్రసారంలో చెబుతారు. అది దూరం నుంచే వినండి. ముప్పై మైళ్ల అవతల నుంచే ల్యాండింగ్ లైటు వేసి ఉంచండి.

వరసలో చేరేటప్పుడు ముందు ఒక విమానాన్ని కళ్లతో పట్టుకోండి. దాని వెనకే మీరు. పక్కపక్కన పోకూడదు, దాటిపోకూడదు. దగ్గరైపోతున్నాం కదా అని పాములా అటూ ఇటూ వంకర్లు తిప్పకూడదు. ఆ తప్పు నేను చేశాను. మొదటిసారి ఉత్సాహంలో నా వేగం 105కి పోయింది. ముందున్న పసుపు రంగు చిన్న విమానం చూస్తుండగానే పెద్దదైపోయింది. కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి వంకర కొట్టాను. నా వెనకవాళ్లు కూడా కొట్టాల్సి వచ్చింది. రేడియోలో కంట్రోలర్ నా రంగు చెప్పి, వరస వదిలి రిపన్‌కి పోయి మళ్లీ రమ్మన్నారు. గొంతులో కోపం లేదు. వెనక్కి పోయి పట్టాల మీద మళ్లీ చేరాను, ఈసారి సరిగ్గా వచ్చింది. వెనక్కి పొమ్మంటే పోవడంలో సిగ్గు లేదు. నా వంకరకి నా వెనకాయన ఇంకొకరి దారిలోకి పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ అరిచేతులు చెమటలు పడతాయి.

ఫిస్క్ దగ్గర కంట్రోలర్లు నేల మీద, ఆరుబయట బైనాక్యులర్లు పట్టుకుని ఉంటారు. మిమ్మల్ని రాడార్ మీద కాదు, కళ్లతో చూస్తారు. గులాబీ రంగు చొక్కాలు వాళ్ల గుర్తు. వాళ్లే మీకు రన్‌వే చెప్పి, టవర్ ఫ్రీక్వెన్సీకి మారమంటారు. రన్‌వేని బట్టి పట్టాల వెంబడే సాగమంటారు, లేదంటే తూర్పుకి తిరిగి ఫిస్క్ అవెన్యూ అనే రోడ్డు పట్టుకోమంటారు. రెండు దారుల ఫోటోలూ నోటీసులో ఉంటాయి, రెండూ నేర్చుకుని పోండి. ఒక్కటే నేర్చుకుని పోతే గాలి మారి రెండోది చెబుతారు.

కంట్రోలర్ పిలిస్తే బదులు చెప్పకపోతే మర్యాద కాదేమో?

ట్రైనింగ్‌లో చెప్పిన ప్రతి మాటా తిరిగి చెప్పాలని నేర్పుతారు కాబట్టి ఈ సందేహం అందరికీ వస్తుంది. ఇక్కడ మాత్రం మాట్లాడకూడదు. మీ నంబరుతో పిలవరు, రంగుతో, రెక్కతో పిలుస్తారు. "నీలం, కిందిరెక్క, రెక్కలూపు" అన్నట్టు. మీదే అనిపిస్తే రెక్కలు గట్టిగా, నేల మీద నుంచి కనపడేలా ఊపండి. భయం భయంగా తలూపినట్టు ఊపితే వాళ్లకు కనపడదు. అంతే, మీ జవాబు అందింది. నిమిషానికి ఎన్నో విమానాలు పోతున్నప్పుడు ఒక్కొక్కరు "థాంక్యూ సర్" అన్నా ఆ ఫ్రీక్వెన్సీ మూసుకుపోతుంది. ఎమర్జెన్సీ అయితే మాత్రం వెంటనే మాట్లాడండి, ఏ మొహమాటం లేకుండా.

విమానం రంగు బయలుదేరే ముందు ఒకసారి బయటి నుంచి చూసుకోండి. తెల్ల విమానానికి నీలం చారలుంటే వాళ్లు ఏమని పిలవచ్చో ముందే అనుకోండి. కో-పైలట్ సీట్లో స్నేహితుడు కూర్చుంటే రేడియో వినే పని, చుట్టూ విమానాలు చూసే పని అతనికి అప్పజెప్పండి. ఫోన్‌లో వీడియో తీసే పని ఎవరికీ ఇవ్వద్దు.

చుక్క మీద దిగమంటారట, నిజమేనా?

నిజమే. ఒకే రన్‌వే మీద ఒకరి వెనక ఒకరిని మామూలు నియమాల కంటే తక్కువ దూరంలో దించడానికి అక్కడ ప్రత్యేక అనుమతి ఉంది. అందుకని రన్‌వే మీద పెద్ద పెద్ద రంగు చుక్కలు వేస్తారు. ముందాయన దూరపు చుక్క మీద, మీరు దగ్గర చుక్క మీద దిగుతారు, లేదా తిరగేసి. నాకు మొదటిసారి పచ్చ చుక్క చెప్పారు. బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే రన్‌వేకి సూటిగా, తిరిగేటప్పుడు అది బొట్టుబిళ్లంత కనిపించింది. చూస్తుండగానే చాటంత అయింది. దాని మీదే చక్రాలు ఆనినప్పుడు కలిగిన సంతోషం నాకు లైసెన్సు వచ్చిన రోజు కూడా కలగలేదు.

దూరపు చుక్క చెబితే, మొదట్లోనే ఆనించి నెమ్మదిగా దొర్లుకుంటూ పోవద్దు. వెనకాయన మీ తోకలోకి వస్తాడు. ఆ చుక్క దాకా తక్కువ ఎత్తులో ఎగురుతూ పోయి దిగాలి. ఇంకో సంగతి, ఆ వారం ప్రధాన రన్‌వే పక్కనుండే ట్యాక్సీవేని, అంటే విమానాలు నేల మీద నడిచే దారిని కూడా రన్‌వేగా వాడతారు. అది సన్నగా ఉంటుంది. మీకు చెప్పింది ఏదో సరిగ్గా చూసుకోండి.

సరిగ్గా కుదరకపోతే గో అరౌండ్ చేయండి. ఫుల్ పవర్, పైకి, టవర్ చెప్పినట్టు తిరిగి రావడం. బాగోలేని ల్యాండింగ్‌ని బలవంతంగా పూర్తి చేసి ముక్కు చక్రం విరగ్గొట్టుకుంటే, మీ ఒక్కరి వల్ల రన్‌వే మూతపడి వెనక వందమంది గాల్లో తిరగాలి.

దిగాక ఎటు పోవాలి? ఎవరిని అడగాలి?

ఎవర్నీ అడగక్కర్లేదు. బయలుదేరే ముందే తెల్ల కాగితం మీద నల్లగా, లావుగా, దూరానికి కనపడేలా అక్షరాలు రాసి పెట్టుకోండి. టెంటు వేసుకుని ఉండేవాళ్లు జీ, ఏ, సీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఊరికే నిలిపి పోయేవాళ్లు జీ, ఏ, పీ. సొంతంగా కట్టిన విమానాలకు, పాతకాలం విమానాలకు వేరే అక్షరాలున్నాయి. చక్రాలు ఆని, రన్‌వే వదలమనగానే గడ్డిలోకి దిగి, ఆ కాగితం అద్దంలో పెట్టండి. జెండాలు పట్టుకున్న వాలంటీర్లు చూసి దారి చూపిస్తారు. రన్‌వే మీద మాత్రం ఆగొద్దు. కాగితం వెతుక్కునేది గడ్డిలోకి వచ్చాకే.

ఆ వాలంటీర్లలో సొంత ఖర్చులతో వచ్చి, రోజంతా ఎండలో నిలబడే పెద్దవాళ్లు ఎందరో ఉంటారు. ఇంజిన్ ఆపాక దిగి ఒక నమస్కారం పెట్టండి.

విమానాన్ని కట్టేయడం అంత అవసరమా?

తుపాను హెచ్చరిక వస్తే మన కృష్ణపట్నం, జువ్వలదిన్నె జాలర్లు పడవల్ని ఎట్లా కడతారో చూశారుగా? అట్లా కట్టాలి. విస్కాన్సిన్‌లో జూలైలో ఉరుములు, ఈదురుగాలులు హఠాత్తుగా వస్తాయి. మేకులు, తాళ్లు మీరే తెచ్చుకోవాలి. మొదటిసారి నేను టెంటుకి వాడే సన్న మేకులు తీసుకుపోయాను. ఆ రాత్రి గాలికి ఒకటి పైకి లేచొచ్చింది. నేనూ, పక్క విమానం ఆయనా వానలో రెక్క పట్టుకుని నిలబడ్డాం. తెల్లారి ఆయన తన దగ్గరున్న లావు మేకులు ఇచ్చి, సుత్తితో ఏటవాలుగా ఎట్లా కొట్టాలో చూపించాడు. విమానం కొట్టుకుపోతే మీదొక్కటే పోదు, పక్కవాళ్ల మీద పడుతుంది.

దిగనివ్వకపోతే ఏం చేయాలి?

ఇది అందరూ చివర్లో అడుగుతారు. మొదట అడగాల్సింది ఇదే. రన్‌వే మీద ఏదైనా జరిగినా, వాన వచ్చినా, పార్కింగ్ నిండినా మూసేస్తారు. అప్పుడు రష్ లేక్ చుట్టూ కానీ, గ్రీన్ లేక్ చుట్టూ కానీ తిరగమంటారు. అట్లా నేను నలభై నిమిషాలు తిరిగాను. అందరూ ఒకే వైపు తిరుగుతున్నా, కొత్తగా వచ్చి చేరేవాళ్లు ఎటునుంచి వస్తారో తెలియదు. పక్కనున్న స్నేహితుడు, "ఇంకొక్క రౌండు చూద్దాంరా, తెరుస్తారు" అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. గేజి చూశాను. బయలుదేరే ముందు కాగితం మీద ఒక గీత గీసుకున్నాను, ఇంధనం ఇంతకు వస్తే వెనక్కి అని. ఆ గీత వచ్చేసింది. దక్షిణంగా పోయి ఫాండ్ డు లాక్‌లో దిగాం. అక్కడ మాలాంటివాళ్లు బోలెడుమంది. రాత్రి రెక్క కింద పడుకుని, పొద్దున్నే ఆష్‌కాష్‌కి వచ్చాం.

చట్టప్రకారం పగలు వీఎఫ్ఆర్‌లో అరగంట ఇంధనం మిగిలితే చాలు. ఇక్కడ అది చాలదు. రిపన్ చేరేసరికి కనీసం రెండు గంటల ఇంధనం ఉండాలని నేను మా పిల్లలకు చెబుతాను. దక్షిణాన ఫాండ్ డు లాక్, ఉత్తరాన ఆపిల్టన్ రెండూ ముందే చదివి పెట్టుకోండి. ఆ ఊళ్ల నుంచి పండగకి బస్సులు కూడా నడుపుతారు. ఎట్లాగైనా ఈరోజే దిగాలి, స్టేటస్ పెట్టాలి అనే ఆలోచన మనసులో ఉంటే, దయచేసి ఆ ఏడాది పోవద్దు.

తిరిగి లేచేటప్పుడు?

రావడం మీద ఉన్న శ్రద్ధ పోవడం మీద ఎవరికీ ఉండదు. సామాను కట్టుకుని, నిద్ర చాలక, ఇంటికి పోదామనే తొందరలో ఉంటారు. నోటీసులో బయలుదేరే పద్ధతికి కూడా పేజీలున్నాయి. ముందు రోజు రాత్రి టార్చిలైటు వేసుకునైనా చదవండి.

ఇంజిన్ వేసే ముందు బయలుదేరేవాళ్ల ఏటిస్ వినండి. అద్దంలో వీఎఫ్ఆర్ అని రాసిన కాగితం పెట్టండి. మనుషులు నడిచే చోటు కాబట్టి ప్రొపెల్లర్ ముందు, వెనక చూసి, గట్టిగా అరిచి, రెక్కల దగ్గర ఒక మనిషిని నిలబెట్టుకుని వేయండి. జెండా మనిషి చూపించినట్టు గడ్డిలో, తర్వాత ట్యాక్సీవే మీద పోవాలి. ఇక్కడ కూడా రేడియోలో వినడమే. లేచాక నోటీసు చెప్పిన ఎత్తు దాటకుండా, చెప్పిన దిక్కునే, చెప్పినంత దూరం పోయేదాకా తిరగకుండా పోవాలి. మీ నెత్తి మీదే దిగేవాళ్ల వరస ఉంటుంది. లేవగానే ఎడమకి తిరిగి ఒకసారి మైదానం చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. చూడొద్దు.

ఒక లెక్క మాత్రం మర్చిపోకండి. వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న వెనక సీట్లో పోయేటప్పుడు టెంటు, పరుపు, కొన్న పుస్తకాలు, హెడ్‌సెట్లు, స్నేహితుడి బ్యాగు ఉంటాయి. మధ్యాహ్నం వేడికి గాలి పలచబడుతుంది, విమానం నేల వదలడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. బరువు మళ్లీ లెక్క వేయండి. పొద్దున్నే బయలుదేరితే చాలావరకు సుఖం.

నేనింకా స్టూడెంట్ పైలట్‌ని. ఒక్కడినే పోవచ్చా?

వద్దు. ఇన్‌స్ట్రక్టర్‌తో పోండి, కుడి సీట్లో కూర్చుని నేర్చుకోండి.

ఈ గంటలు ఇండియాలో లెక్కకొస్తాయా?

మీరు లైసెన్సుతో, పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదే అయి నడిపితే లాగ్‌బుక్‌లో ఉంటాయి కదా. ఇక్కడ మన దేశ విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండాలి. ఆష్‌కాష్‌కి పోయొచ్చే ప్రయాణం మంచి క్రాస్ కంట్రీ, అంటే ఊరి నుంచి ఊరికి పోయే దూర ప్రయాణం. లాగ్‌బుక్ ఆ రాత్రే నింపి, ఇన్‌స్ట్రక్టర్ సంతకం కావలసినచోట వెంటనే తీసుకోండి. ఇండియా వచ్చాక పాత సంతకాల కోసం తిరగడం చాలా కష్టం.

స్కూలు విమానం తీసుకుపోవచ్చా?

అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఇన్సూరెన్సు కాగితంలో ఈ పండగకి, గడ్డిలో పార్కింగ్‌కి వర్తిస్తుందో లేదో మీ కళ్లతో చదవండి. నోటిమాట మీద పోవద్దు.

మా అబ్బాయి అక్కడ దిగాడో లేదో మాకెట్లా తెలుస్తుంది? రాత్రంతా నిద్ర పట్టదు.

ఇది అమ్మానాన్నల ప్రశ్న. విస్కాన్సిన్ మనకంటే ఆ నెలలో పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 7 అంటే మనకు తెల్లారి ఐదున్నర. రాత్రి 8కి అక్కడ ఎయిర్‌పోర్ట్ మూస్తారు, అప్పటికి మనకు ఆరున్నర అవుతుంది. గాల్లో ఉన్నవాడికి ఫోన్ చేయొద్దు. సరస్సు చుట్టూ తిరగాల్సి రావచ్చు, వేరే ఊళ్లో దిగాల్సి రావచ్చు, అది మంచి నిర్ణయమే అని ముందే మీరే వాడికి చెప్పండి. "ఎక్కడ దిగినా పర్లేదు నాయనా, దిగాక చెప్పు" అని అమ్మ ఒక్క మాట అంటే, నేను నాలుగు సాయంత్రాలు చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది.

పిల్లలకు చెప్పేది: వీఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ వేసి బయలుదేరండి. దిగాక దాన్ని మీరే మూయాలి. ఆష్‌కాష్ టవర్ మీకోసం మూయదు. మీరు చెప్పిన వేళ దాటి అరగంట అయినా మూయకపోతే మీ కోసం వెతకడం మొదలవుతుంది. మీరు గడ్డిలో టెంటు వేసుకుంటూ ఉంటారు, వాళ్లు మీ దారిలో ఉన్న ఎయిర్‌పోర్టులన్నిటికీ ఫోన్లు చేస్తుంటారు. అందుకని వరస ఇది: ఇంజిన్ ఆపు, తాళ్లు కట్టు, ఫ్లైట్ ప్లాన్ మూయి, ఇంటికి మెసేజ్ పెట్టు. ఫోటోలు ఆ తర్వాత.